యూనివర్సిటీలో కొలువు – ఎన్నాళ్ళకు?

"మావాడికి యూనివర్సిటీలో ఉద్యోగమొచ్చిందండీ!" అని తండ్రి అరుగు మీద చెబితే, నలుగురూ సంతోషిస్తారు. ఏ ఉద్యోగమని అడిగేవారు తక్కువ. ఎన్నాళ్ళ ఉద్యోగమని అడిగేవారు అసలే ఉండరు. అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

విశ్వవిద్యాలయంలో ప్రవేశించడానికి రెండు వాకిళ్ళున్నాయి. మొదటిది ఆఫీసు వాకిలి. గుమాస్తా, సెక్షన్ ఆఫీసరు, అసిస్టెంటు రిజిస్ట్రారు వగైరా. ప్రకటనలో "రెగ్యులర్" అని ఉంటే అది రిటైరయ్యేదాకా ఉండే కొలువు. హైదరాబాదు, అనంతపురం వంటి చోట్ల ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంటు రిజిస్ట్రారుకు 55 శాతం మార్కులతో పి.జి. ఉంటే అర్హతే. తెలుగు ఎం.ఏ. అయినా సరే! ఈ సంగతి తెలియక మన పిల్లలు చాలామంది దరఖాస్తే పెట్టరు. "కాంట్రాక్టు", "అవుట్ సోర్సింగ్" అన్న మాటలు కనిపిస్తే మాత్రం లెక్క వేరు.

రెండోది పరిశోధన వాకిలి. యు.జి.సి. వారి నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే, 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళయ్యాక పని బాగుందని తేలితే 42,000. మొత్తం 5 ఏళ్ళు. ఇంటద్దె భత్యం అదనం. అయితే ఇది జీతం కాదు, చదువుకు ఇచ్చే వేతనం. దీనికి వయసు 30 దాటకూడదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు మరో 5 ఏళ్ళ సడలింపు ఉంది. అదే పరీక్షలో అసిస్టెంటు ప్రొఫెసరు అర్హతకు వయోపరిమితి లేదు. కాని ఆ అర్హత చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు.

అసలు చిక్కంతా ప్రాజెక్టు ఉద్యోగాలతోనే. ఒక ప్రొఫెసరుగారికి మూడేళ్ళ పరిశోధనకు ఢిల్లీ నుంచి నిధులొస్తాయి. ఆయన సహాయకులను తీసుకుంటారు. అక్కడా "జె.ఆర్.ఎఫ్." అనే పేరే ఉండవచ్చు. ప్రకటన చివర మాత్రం "ప్రాజెక్టు ముగిసేవరకు" అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. మూడో ఏట చేరినవాడికి మిగిలేది కొద్ది నెలలే. ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని అప్పుచేసి చెల్లెలి పెళ్ళి కుదిర్చితే, వాయిదాలు తీరకముందే జీతం ఆగిపోతుంది.

అలాగని ప్రాజెక్టు పని పనికిరాదని కాదు. మంచి ప్రొఫెసరు దగ్గర ఏడాది పనిచేస్తే పని వస్తుంది, అనుభవం మిగులుతుంది. చేరేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ప్రాజెక్టు ఎప్పుడు మొదలైంది? ఇందులో ఉంటూ పిహెచ్.డి.కి నమోదు కావచ్చునా? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

తర్వాత ఆ ప్రకటనలోని చివరి వాక్యం ఇంట్లో అమ్మకూ నాన్నకూ తెలుగులో చదివి వినిపించండి. పెళ్ళిళ్ళూ అప్పులూ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.