బార్ కిందికి దూరే విద్య

పలాస, కాశీబుగ్గ గోదాముల దగ్గర జీడిపిక్కల బస్తా అంటే 80 కేజీలు. ఉద్దానం రైతు ధర మాట్లాడినా ఆ లెక్కనే. లారీ పక్కన ఇద్దరు కళాసీలు చెరో కొసా పట్టి బస్తా లేపితే, మూడో మనిషి నడుం వంచి దాని కిందికి దూరతాడు. బరువు వీపు మీద కుదురుకున్నాక ఇక చకచకా నడిచిపోతాడు. అదే బస్తాను ఎవరి సాయం లేకుండా నేల మీంచి తల పైదాకా ఎత్తమంటే ఆ కళాసీ కూడా ఒప్పుకోడు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో ఈ శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు ఒకతె ఒకటిన్నర బస్తాకి మించిన బరువును, 130 కేజీలను, అలా ఎత్తి నిలబడింది.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుని, 1994లో ఇస్తాంబుల్‌లోనూ 1995లో గ్వాంగ్‌జౌలోనూ 54 కేజీల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే సిడ్నీలో. అక్కడ 69 కేజీల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

పతకం గురించి మనవాళ్లు చాలానే రాశారు. ఆ ఎత్తడం వెనకున్న భౌతికశాస్త్రాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. నాకు పతకం ఎంత గొప్పదో ఇదీ అంతే గొప్పది.

క్లీన్ అండ్ జెర్క్‌నే తీసుకుందాం. బార్ కొసలకి తగిలించే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. కాబట్టి బార్ నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. లిఫ్టర్ బొటనవేలిని బార్‌కి చుట్టి, దాని మీద మిగతా వేళ్లు బిగించి పట్టుకుంటుంది. ఊపిరి నిండా పీల్చి బిగబట్టి, పొట్ట గట్టి చేస్తుంది. పొట్టలో పెరిగిన ఆ ఒత్తిడి వెన్నెముకకి ముందువైపు నుంచి దన్నుగా నిలుస్తుంది. బార్ మోకాళ్లు దాటేదాకా లాగుడు నిదానంగానే సాగుతుంది, బార్ కాళ్లని ఒరుసుకుంటూ పైకి వస్తుంది. ఒరుసుకోకపోతే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. 130 కేజీల బరువు దాదాపు 1,270 న్యూటన్లు. బార్ శరీరానికి పది సెంటీమీటర్లు ఎడంగా జరిగిందంటే నడుం మీద భ్రామకం 127 న్యూటన్ మీటర్లు పెరుగుతుంది. వెన్ను కండరాలేమో వెన్నెముకకి ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అంత చిన్న ఆసరాతో దాన్ని తట్టుకోవాలంటే అవి మరో రెండు వేల న్యూటన్లకి పైగా లాగాలి. ఆ అదనపు నొక్కుడంతా వెన్నుపూసల మధ్య మెత్తల మీదే పడుతుంది. కళాసీ బస్తాను వీపుకి అంటించుకునేదీ ఇందుకే.

బార్ మోకాళ్లు దాటాక, వంగి ఉన్న లిఫ్టర్ మోకాళ్లు మళ్లీ ముందుకి, బార్ కిందికి జారతాయి. ఆ వెంటనే తుంటి, మోకాళ్లు, చీలమండలు ఒక్కసారిగా నిటారవుతాయి. అప్పుడు బార్ సెకనుకి 1.3 మీటర్ల వేగం అందుకుందనుకుందాం. అక్కడ లాగడం ఆపేస్తే అది తనంతట తాను ఇంకెంత పైకి పోతుంది? తొమ్మిది సెంటీమీటర్లలోపే. ఎంతసేపు? సెకనులో ఎనిమిదో వంతు. చేతులతో దాన్ని భుజాల ఎత్తుకి లాగే ప్రశ్నే లేదు. అందుకే ఆ రెప్పపాటులో లిఫ్టరే గొంతుక్కూర్చుని బార్ కిందికి దూరిపోతుంది, మోచేతులు ముందుకి తిప్పి బార్‌ని భుజాల మీద నిలుపుకుంటుంది. ఆ తర్వాత లేచి నిలబడి చేసే జెర్క్‌లోనూ ఇంతే. మోకాళ్లు కొద్దిగా వంచి బార్‌ని పైకి ఎగదోసి, కాళ్లు ముందుకీ వెనక్కీ చాచి మళ్లీ దాని కిందికి వెళ్లాలి. 130 కేజీలు 70 సెంటీమీటర్లు లేవడానికి దాదాపు 900 జౌళ్ల శక్తి కావాలి. అది సెకనులోపే ఖర్చయిందంటే ఒక అశ్వశక్తి దాటినట్టే.

జూడోలోనూ కిటుకు ఇదే. 1882లో జిగొరో కానో కొడొకాన్ స్థాపించినప్పుడు తన విద్యకి పునాదిగా పెట్టుకున్నది ఎదుటి మనిషి తూకం తప్పించడం. సెఓయి నాగె అనే పట్టులో ఎదుటివాడిని ముందుకి లాగి, గిర్రున తిరిగి, తన తుంటిని అతని గరిమనాభి కన్నా కిందికి దించి వీపు మీదుగా విసిరేస్తారు. మల్లీశ్వరి పతకానికి మూడు రోజుల ముందు అదే సిడ్నీలో 48 కేజీల జూడో స్వర్ణం గెలిచిన ర్యోకో తమురా ఎత్తు 146 సెంటీమీటర్లు. ఇలాంటి పట్టుల్లో పొట్టిగా ఉండటమే ఒక బలం. బార్‌కీ ప్రత్యర్థికీ ఉన్న తేడా ఒక్కటే, బార్ ఎదురు తిరగదు.

రెండు ఆటల్లోనూ తరగతులు ఒంటి బరువును బట్టే. కండ బలం దాని మందాన్ని, అంటే అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి. అందువల్ల ఒంటి బరువు రెట్టింపైనా బలం సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. సిడ్నీలో 48 కేజీల విజేత తారా నాట్ మొత్తం 185 కేజీలు ఎత్తింది, ఒంటి బరువుకి దాదాపు నాలుగింతలు. వంద కేజీలు దాటిన డింగ్ మెయ్‌యువాన్ 300 ఎత్తింది, అది మూడింతలకి కాస్త తక్కువే.

మల్లీశ్వరి తరగతిలో ఆ రోజు చైనాకి చెందిన లిన్ వెయ్‌నింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 కేజీల దగ్గర ఆగారు. ఒంటి బరువు తక్కువని స్వర్ణం లిన్‌కి ఇచ్చారు. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 కేజీలకి వెళ్లింది, అది నిలవలేదు. దానికి బదులు 135కి వెళ్లి అది నిలిచి ఉంటే, మొత్తం 242.5ని దాటి 245 అయ్యేది. ఆ అంకె చూసినప్పుడల్లా ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. సమానంగా ఎత్తితే తేలికైనవారికి పై స్థానం ఇచ్చే నియమాన్ని 2017లో తీసేశారు. ఇప్పుడు ఆ మొత్తాన్ని ముందు అందుకున్నవారిదే గెలుపు.

ఈ తరగతుల వల్ల ఒక చెడ్డ అలవాటూ పుట్టింది. తూకానికి ముందు నీళ్లు మానేసి, చెమట పట్టించి ఒళ్లు తగ్గించుకోవడం. నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, గుండె మీదా మూత్రపిండాల మీదా భారం పడుతుంది. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు తగ్గించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూడోలో తూకం ముందురోజే చూస్తారు. పోటీ రోజు పొద్దున్న కొందరిని మళ్లీ తూచి, పరిమితికి ఐదు శాతం మించకూడదంటారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో తూకం పోటీకి రెండు గంటల ముందే. పోయిన నీరు ఆ రెండు గంటల్లో పూర్తిగా తిరిగి రాదు.

ఎక్కడైనా ఇది ప్రమాదమే, ఉద్దానంలో మరీ ప్రమాదం. ఇక్కడి ఊళ్లలో మూత్రపిండాల జబ్బు తరాలుగా వేధిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చిందంటే ఊహించుకోండి. జబ్బుకి మూలం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం పరిశోధకులు అనుమానించే కారణాల్లో ఒకటి. టెక్కలిలోనో సోంపేటలోనో బరువులెత్తుతున్న, కుస్తీ పడుతున్న పిల్లలకి శిక్షణ ఇచ్చేవాళ్లని బతిమాలి చెబుతున్నాను, తరగతి కోసం వాళ్లని దాహంతో ఉంచకండి. ఎదిగే పిల్లని పై తరగతిలో దించండి. 54 కేజీల తరగతిలో ప్రపంచ విజేత అయిన మల్లీశ్వరి 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కేజీల తరగతికి మారి రజతం తెచ్చింది, ఆ తర్వాత రెండేళ్లకి సిడ్నీలో 69కి వెళ్లింది.