22 నిమిషాల దూరంలో సర్కారు

1783 జూన్ 20న కడలూరు తీరానికి ఎదురుగా బ్రిటిష్, ఫ్రెంచి నౌకాదళాలు తలపడ్డాయి. ఫిరంగి గుళ్లకు రెండు పక్షాల్లోనూ వందలాది మంది చనిపోయారు, గాయపడ్డారు. నిజానికి ఆ రెండు దేశాల మధ్య అయిదు నెలల కిందటే, జనవరి 20న, వెర్సాయ్‌లో ప్రాథమిక సంధి కుదిరిపోయింది. ఆ కబురు కడలూరు చేరేసరికి జూన్ నెలాఖరైంది.

దూరం తెచ్చిపెట్టే ఈ చిక్కే అంతరిక్షంలోనూ ఎదురవుతుంది. రేపు చంద్రుడి మీద, అంగారకుడి మీద ఊళ్లు వెలిస్తే వాటిని భూమి మీది ప్రభుత్వం ఎలా అదుపులో ఉంచుతుంది? జవాబును మొదట భౌతికశాస్త్రంలో వెతకాలి, ఆ తర్వాతే చట్టంలో.

రేడియో సంకేతం చంద్రుణ్ణి చేరడానికి 1.3 సెకన్లు చాలు. అక్కడి ఊరిని ఇక్కడి కార్యాలయం నుంచే నడపవచ్చు. అంగారకుడి సంగతి వేరు. గ్రహాలు రెండూ బాగా దగ్గరైనప్పుడు 3 నిమిషాలు, సూర్యుడికి చెరోవైపు ఉన్నప్పుడు సుమారు 22 నిమిషాలు పడుతుంది. "గాలి బయటికి పోతోంది, ఏం చేయమంటారు?" అని అడిగితే జవాబు కోసం ముప్పావు గంట ఆగాలి. పైగా దాదాపు 26 నెలలకోసారి సూర్యుడు అడ్డొస్తాడు. అప్పుడు అక్కడి రోవర్లకు నాసా ఇప్పటికీ రెండు వారాల పాటు ఆదేశాలు పంపడం ఆపేస్తుంది. రోవరైతే కదలకుండా కూర్చుంటుంది. ఊరు అలా కూర్చోలేదు కదా!

దూరం నుంచి మనుషుల్ని నడిపించడం ఎంత కష్టమో నాసాకు స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం కాలంలోనే అనుభవమైంది. 1973 నవంబరులో ఆ కేంద్రానికి వెళ్లిన జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ ముగ్గురికీ అదే తొలి అంతరిక్ష యాత్ర. కింద ఉన్నవాళ్లు వాళ్ల దినచర్యను ఊపిరాడనంత బిగువుగా రాసి పంపేవారు. అంతకుముందు వెళ్లొచ్చిన జట్టు వేగాన్నే వీళ్ల నుంచీ ఆశించారు. భోజనాల వేళ కూడా పనే. ఒక ప్రయోగం ఆలస్యమైతే దాని వెనకవన్నీ వరసగా దెబ్బతినేవి. చివరికి డిసెంబరు 30న ఇరుపక్షాలూ మనసు విప్పి మాట్లాడుకున్నాయి. ఆ తర్వాత భోజన విరామాన్ని, సాయంత్రాలను వాళ్లకే వదిలేశారు. రోజువారీ చిల్లర పనుల జాబితా ఇచ్చి, వీలున్నప్పుడు చేసుకోమన్నారు. పనులు చకచకా సాగాయి. దీన్ని వ్యోమగాముల సమ్మె అని చాలాకాలం చెప్పుకున్నారు కానీ, అలాంటిదేమీ జరగలేదని గిబ్సన్ తర్వాత స్పష్టంగా చెప్పారు. ఇంతా జరిగింది భూమికి దాదాపు 435 కిలోమీటర్ల ఎత్తులో!

ఇక చట్టం. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి గానీ మరే గ్రహాన్ని గానీ ఏ దేశమూ తనదనడానికి వీల్లేదు. కానీ ఒక దేశం తన పేర రిజిస్టర్ చేసి పంపిన నౌక మీద, అందులోని మనుషుల మీద అధికారం ఆ దేశానికే ఉంటుందని ఎనిమిదో అధికరణం చెబుతోంది. అంటే నేల ఎవరిదీ కాదు, ఇంటికి మాత్రం దేశం ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నడుస్తున్నది ఈ పద్ధతిలోనే. అక్కడి జపాన్ విభాగం కిబోలో ఏదైనా కనిపెడితే, పేటెంటు చట్టం దృష్టిలో అది జపాన్‌లో కనిపెట్టినట్టే. ఆరుగురో ఏడుగురో ఉండే కేంద్రానికి ఇది సరిపోయింది. అంగారకుడి మట్టితోనే కట్టిన గోడలు ఏ దేశపు రిజిస్టరులోకి ఎక్కుతాయి? అక్కడే పుట్టిన బిడ్డ మాటేమిటి? ఒప్పందంలో జవాబు లేదు.

ఎవరిదీ కాని నేల మీద నేరం జరిగితే ఎలా ఉంటుందో 1970లో ఒకసారి తెలిసొచ్చింది. ఆర్కిటిక్ సముద్రంలో తేలుతున్న టీ-3 అనే మంచు దీవి మీద అమెరికా పరిశోధన శిబిరం ఉండేది. పోలీసు లేడు, కోర్టు లేదు. అక్కడే తయారు చేసుకున్న వైన్ కోసం మొదలైన తగాదాలో తుపాకీ పేలి ఒక మనిషి చనిపోయాడు. నిందితుణ్ణి విమానంలో తెచ్చి వర్జీనియాలో విచారించారు. అసలు ఆ మంచుగడ్డ మీద అమెరికా కోర్టుకు అధికారముందా అన్న ప్రశ్న మీద అప్పీలు న్యాయమూర్తులు సరిసగంగా చీలిపోయారు. విచారణలో దొర్లిన తప్పుల వల్ల చివరికి శిక్షే రద్దయింది. ఇలాంటి చిక్కు రాకూడదనే కెనడా 2022లో తన నేరచట్టాన్ని చంద్రుడి దాకా పొడిగించింది. తన వ్యోమగామి అక్కడ నేరం చేస్తే కెనడాలో చేసినట్టే లెక్క.

ప్రైవేటు కంపెనీల విషయంలో ఒప్పందం ఇంకా గట్టిగా ఉంది. అవి ఏం చేసినా బాధ్యత వాటి దేశానిదే, అనుమతి ఇవ్వడమే కాదు, నిరంతరం పర్యవేక్షించాలి కూడా. 2022 నవంబరులో హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి పంపడానికి ముందు, ప్రైవేటు అంతరిక్ష కార్యక్రమాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి తీసుకున్నది ఈ సూత్రం కిందనే. ఇదిలా ఉండగా, 2020లో ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ తన వినియోగదారుల షరతుల్లో అంగారకుడు స్వేచ్ఛా గ్రహమని, అక్కడి పనుల మీద భూమి మీది ఏ ప్రభుత్వానికీ అధికారం లేదని రాసుకుంది. కస్టమరు ఒప్పందంలో ఒక వాక్యంతో అంతర్జాతీయ ఒప్పందం చెల్లకుండా పోదు. అయినా ఆ వాక్యం ఒక కోరికను బయటపెడుతోంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎందుకంటే అక్కడ గాలి కూడా తయారు చేసుకోవలసిన సరుకే. పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే చిన్న పరికరం 2021 నుంచి 2023 వరకు 16 సార్లు పనిచేసి అంగారకుడి కార్బన్ డయాక్సైడ్ నుంచి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఒక మనిషికి రోజుకు సుమారు 840 గ్రాములు కావాలి. అంటే రెండేళ్ల శ్రమ ఒక మనిషికి మూడున్నర గంటల ఊపిరి. పెద్ద యంత్రాలు వస్తాయి, సందేహం లేదు. వాటి మీట ఎవరి చేతిలో ఉంటుందన్నదే ప్రశ్న. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త చార్లెస్ కాకెల్ ఈ ప్రమాదం గురించి చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. జీతమిచ్చే కంపెనీయే గాలి కూడా ఇస్తుంటే, ఆ కంపెనీతో గొడవపడే ధైర్యం కార్మికుడికి ఎక్కడిది? తిరిగి వచ్చేద్దామన్నా, భూమికి దారి కుదిరేది 26 నెలలకోసారి.

అంటార్కిటికాలో 1959 ఒప్పందం ఒక దేశపు స్థావరాన్ని మరో దేశపు పరిశీలకులు తనిఖీ చేసే హక్కునిచ్చింది. అమెరికా వారి మెక్‌మర్డో స్థావరంలో మేనేజరుకే మార్షల్ (సమాఖ్య పోలీసు అధికారి) అధికారాలిచ్చి ప్రమాణం చేయించే ఏర్పాటు ఉంది. అంగారకుడికి ఈ రెండూ పనికొస్తాయి, కానీ చాలవు. నిమిషాల్లో తేల్చవలసిన ప్రమాదాల మీద పూర్తి అధికారం అక్కడివాళ్లకే ఉండాలి. గాలి, నీరు చూసే ఇంజినీరు కంపెనీ మేనేజరుకు కాక నేరుగా ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండాలి. కోరినవాళ్లకు వచ్చే నౌకలో తిరుగు సీటు దక్కాలి. వీటన్నిటినీ లైసెన్సు షరతులుగా పెట్టే అధికారం దేశాలకు అంతరిక్ష ఒప్పందంలోని ఆరో అధికరణం కింద ఇప్పుడే ఉంది. వియన్నాలో ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ వేసిన కార్యబృందం 2027 దాకా పనిచేస్తుంది కానీ, దాని పరిధి అంతరిక్ష వనరులకు సంబంధించినది. ఊపిరి సంగతి లైసెన్సులిచ్చే దేశాలే తమ చట్టాల్లో రాయాలి, తొలి కుటుంబం నౌక ఎక్కకముందే.