ముడి వీడని మూట

"మామయ్యా, ఈ మూట కాస్త విప్పిపెట్టవూ?" అంటూ వచ్చింది మా మేనకోడలు. చూస్తే చేతిలో మూటేమీ లేదు. వేలెడంత పెన్‌డ్రైవ్ ఉంది!

సంగతేమిటంటే, వాళ్ల నాయనమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడేది. రెండేళ్ల కిందట ఈ పిల్ల వాళ్ల అన్న ఆవిడ పక్కన కూర్చుని 41 పాటలు ఫోనులో రికార్డు చేశాడు. తర్వాత ఆ ఫోను అమ్మేస్తూ, పాటలన్నిటినీ ఒకే జిప్ ఫైలుగా కట్టి వైఫై మీద ఇంట్లో కంప్యూటరుకి పంపాడు. కంప్యూటరులో ఫైలు పేరు కనిపించింది. వచ్చేసిందనుకున్నాడు. తెరిచి మాత్రం చూడలేదు. ఫోను అమ్ముడైపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి నాయనమ్మా పోయింది. మొన్న బతుకమ్మ పండుగకి ఆవిడ పాటలు పెడదామని ఆ ఫైలు మీద నొక్కితే, ఇది సరైన జిప్ ఫైలు కాదు పొమ్మంది కంప్యూటరు.

"ఇంక పాటలన్నీ పోయినట్టేనా?" అంది. గొంతు వణికింది.

"ఆ మాట అప్పుడే అనకు. తెరుచుకోకపోవడం వేరు, లోపల ఏమీ లేకపోవడం వేరు" అన్నాను.

అసలీ జిప్ అంటే ఏమిటో ముందు చూద్దాం. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, పది ఫైళ్లుంటే పదింటినీ కలిపి ఒకే మూటగా కట్టడం. రెండు, మూటలో పెట్టేముందు ఒక్కొక్క ఫైలునీ చిన్నదిగా నొక్కడం. మూట కట్టడం సరే, నొక్కడం ఎలా? ఫైలు దూది కాదు గదా!

మీ ఊరి కిరాణా కొట్టులో పాత చిట్టా పుస్తకం ఎప్పుడైనా చూశారా? మొదటి వరసలో "సోనామసూరి బియ్యం" అని రాస్తారు. రెండో వరసలోనూ అదే రావాలంటే మళ్లీ రాయరు, దాని కింద డిటో గుర్తు పెడతారు. జిప్ చేసేదీ అదే. "ఇక్కడి నుంచి 60 బైట్లు వెనక్కి వెళ్లు, అక్కడున్న 18 బైట్లని మళ్లీ రాసుకో" అని చిన్న గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు, అసలు మాట కన్నా పొట్టిగా ఉంటుంది. అంతే కిటుకు. ఈ పద్ధతిని అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించారు. జిప్ ఇలా 32,768 బైట్ల దాకా వెనక్కి చూడగలదు.

మన తెలుగు ఈ యంత్రానికి మహా ఇష్టం. ఇంగ్లీషు అక్షరానికి కంప్యూటరులో ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు బైట్లు, దాని గుణింతపు గుర్తుకి మరో మూడు బైట్లు పడుతుంది. "తెలుగు" అన్న మాటకే 18 బైట్లు! కాని ప్రతి మూడింటిలోనూ మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 గాని, 177 గాని. వచ్చిందే మళ్లీ మళ్లీ వస్తూంటే డిటోలే డిటోలు! అందుకే తెలుగులో రాసిన ఫైలు జిప్‌లో బాగా కుంచించుకుపోతుంది.

దీని మీద ఇంకో కిటుకు కూడా ఉంది. తరచు వచ్చేవాటికి పొట్టి గుర్తులు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు గుర్తులు ఇవ్వడం. 1951లో అమెరికాలో డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి దీన్ని కనిపెట్టాడు. చివరి పరీక్ష రాస్తారా, ఈ లెక్క మీద వ్యాసం రాస్తారా అని వాళ్ల ప్రొఫెసరు అడిగితే, ఇతను వ్యాసం వైపు మొగ్గాడు. పరీక్ష తప్పించుకోవడానికి అంత కష్టపడ్డవాళ్లు ఇంకెవరూ ఉండరేమో!

మరి నాయనమ్మ పాటలో? అవి ఎంపీ3 ఫైళ్లు. అంటే, ముందే బాగా నొక్కేసినవి. పిండిన బట్టని మళ్లీ పిండితే నీళ్లెక్కడ వస్తాయి? ఫొటోలు, పాటలు, సినిమాలు జిప్ చేస్తే పరిమాణం ఏమంత తగ్గదు. వాటి విషయంలో జిప్ వట్టి మూటే.

ఇక ఆ మూట లోపలి అమరిక. అసలు గుట్టంతా ఇక్కడే ఉంది.

ఏ పుస్తకంలోనైనా విషయసూచిక ఎక్కడుంటుంది? మొదట్లో. జిప్ ఫైలులో మాత్రం చిట్టచివర ఉంటుంది! ముందు మొదటి ఫైలు తాలూకు చిన్న చీటీ, దాని వెనక ఆ ఫైలు. తర్వాత రెండో చీటీ, రెండో ఫైలు. ఇలా అన్నీ అయ్యాక, ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచిక. దాని వెనక, "సూచిక ఫలానా చోట ఉంది" అని చెప్పే ముగింపు గుర్తు. 1989లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఫిల్ కాట్జ్ అనే యువకుడు ఈ ఏర్పాటు చేశాడు. ఎందుకిలా తలకిందులుగా? నొక్కడం పూర్తయితేగాని ఏ ఫైలు ఎంతకి తగ్గిందో తెలియదు. తెలియకుండా సూచిక ఎలా రాస్తాం? పైగా, చివరనుంటే కొత్త ఫైలు చేర్చినప్పుడు ముందున్నవాటిని కదపక్కర్లేదు, పాత సూచిక ఉన్నచోట కొత్త ఫైలు పెట్టి, దాని వెనక కొత్త సూచిక రాసుకుంటే సరి. ఫ్లాపీల రోజుల్లో ఒక పెద్ద జిప్ ఫైలుని అయిదారు ఫ్లాపీలకి పంచేవారు. విప్పేటప్పుడు, మొట్టమొదట ఆఖరి ఫ్లాపీ పెట్టమని అడిగేది. ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది గదా!

జిప్ తెరిచే ప్రోగ్రాములు నేరుగా ఫైలు తోక దగ్గరికి పోయి ముగింపు గుర్తు కోసం వెతుకుతాయి. అది దొరక్కపోతే చాలు, చాలావాటికి ఇక ఏమీ తోచదు. "ఇది జిప్పే కాదు" అనేస్తాయి. సామానంతా అక్కడే ఉంటుంది, జాబితా చింపిన కాగితం ఒక్కటే పోయింది!

మా మేనకోడలికి ఇదంతా చెప్పి, పని మొదలుపెట్టాం.

మొట్టమొదట ఆ ఫైలుకి నకలు తీసి, నకలు మీదే పని చేశాం. ఉన్నది ఒక్కటే ప్రతి. దాన్ని బాగుచేయబోయి చెడగొట్టుకుంటే ఇక దిక్కులేదు.

రెండోది, అది అసలు జిప్పేనా? నవ్వకండి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలో చాలాసార్లు తేడా ఇక్కడే వస్తుంది. ముందు లాగిన్ అవ్వమని చెప్పే వెబ్ పేజీ ఒకటి, మనకి కావలసిన ఫైలు పేరు తగిలించుకుని దిగిపోతుంది. పేరు చివర జిప్ అని ఉన్నంతమాత్రాన లోపల జిప్ ఉన్నట్టు కాదు. డబ్బా మీద పంచదార అని రాసి ఉప్పు పోయవచ్చు. కనిపెట్టడం సులువే. ఫైలు మరీ పెద్దది కాకపోతే నోట్‌ప్యాడ్‌తో తెరవండి. అంతా పిచ్చిగీతల్లా ఉంటుంది. భయపడకండి, మార్చకండి, సేవ్ చేయకండి. మొదటి రెండు అక్షరాలు మాత్రం చూడండి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు పీ, కే కనిపిస్తే జిప్పే. అవి ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు! ఆయన 2000లో, 37 ఏళ్లకే చనిపోయాడు గాని, ఆ రెండక్షరాలూ నేటికీ కోట్లాది ఫైళ్ల నుదుటి మీద ఉన్నాయి. అలా కాక "రార్" అనే అక్షరాలు, ఆశ్చర్యార్థకంతో సహా కనిపిస్తే అది వేరే రకం మూట, దాన్ని విప్పే ప్రోగ్రాము వేరు. 7 అంకె, జెడ్ అక్షరం ఉంటే 7-జిప్ మూట. కోణపు గుర్తుతో మొదలై చదవగలిగే ఇంగ్లీషు ఉంటే, అది వెబ్ పేజీ. మళ్లీ దించుకోవడమే.

మా ఫైలు పెద్దదైనా ఓపిక పట్టి తెరిచాం. పీ, కే ఉన్నాయి. మేనకోడలి ముఖం కొంచెం వెలిగింది.

ఇప్పుడు తోక చూడాలి. జిప్ లోపల ప్రతి చీటీ ముందూ, సూచికలో ప్రతి పేరు ముందూ, ముగింపు గుర్తు ముందూ కూడా ఈ పీ, కే ఉంటాయి. కాబట్టి బాగున్న ఫైలు చివర అవి గుంపుగా, పక్కనే ఫైళ్ల పేర్లతో సహా కనిపించాలి. మా ఫైలు చివర అలాంటిదేమీ లేదు. పిచ్చి అక్షరాలు పోతూ పోతూ మధ్యలో టక్కున ఆగిపోయాయి. వైఫై మధ్యలో తెగింది! తోక రాలేదు. దించుకున్న ఫైలైతే, అసలు పరిమాణం ఎంతో అక్కడ రాసి ఉంటుంది. మన దగ్గర ఉన్నదానితో పోలిస్తే ఈ తేడా క్షణంలో తేలిపోతుంది. మాకు ఆ వీలు లేదు, ఫోను ఎవరి చేతిలో ఉందో!

సూచిక పోయింది సరే, చీటీలు ఉన్నాయి గదా. ప్రతి పాట ముందూ దాని పేరుతో చీటీ ఉంది. మొదటి నుంచీ ఒక్కొక్క చీటీ వెతుక్కుంటూ పోతే, సూచిక లేకుండానే సామాను దింపుకోవచ్చు. ఇలా చేసే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. 7-జిప్ తోక తెగిన మూటని కూడా, అనుకోకుండా ముగిసిందని హెచ్చరిస్తూనే, తెరవడానికి చూస్తుంది. లినక్స్‌లో ఉండే జిప్ ప్రోగ్రాముకి ఎఫ్ అక్షరం రెండుసార్లు ఇస్తే, చీటీలు ఏరి కొత్త సూచిక రాసి పెడుతుంది. ఇంటర్నెట్‌లో "ఒక్క నొక్కుతో బాగుచేస్తాం, డబ్బు కట్టండి" అనేవాళ్లు బోలెడు. వాళ్ల జోలికి పోకముందు వీటిని ప్రయత్నించాలి.

ఒక్క విషయంలో మా అదృష్టం బాగుంది. తెగింది తోక. అదే మధ్యలో బైట్లు చెడితే కథ వేరు. చిట్టా పుస్తకంలో "సోనామసూరి బియ్యం" మీద సిరా ఒలికిందనుకోండి. కింద ఉన్న డిటోలన్నీ ఏమైనట్టు? అర్థం లేనివయ్యాయి! నొక్కిన ఫైలులో ఒక్క బైటు చెడినా, దాని వెనక ఉన్నదంతా చెడిపోవచ్చు. జిప్‌లో ఒక మేలు ఏమిటంటే, ప్రతి ఫైలునీ విడివిడిగా నొక్కుతారు గనక, ఒకటి చెడితే పక్కది సాధారణంగా బాగానే ఉంటుంది. కొన్ని ఇతర రకాల మూటల్లో అన్నిటినీ కలిపి ఒకే ముద్దగా నొక్కుతారు. పరిమాణం ఇంకా తగ్గుతుంది గాని, ముందు చెడితే వెనకవన్నీ పోయినట్టే.

చెడిందని దానికెలా తెలుస్తుంది? హెచ్చవేత సరిపోయిందో లేదో తొమ్మిదితో చూసుకోవడం మీ తాతగారికి తెలిసే ఉంటుంది. 237ని 46తో హెచ్చవేస్తే 10902. 237 అంకెలు కలిపితే 12, మళ్లీ కలిపితే 3. 46కి 10, అంటే 1. మూడొకట్ల మూడు. 10902 అంకెలు కలిపినా 12, అంటే 3. సరిపోయింది! జిప్ కూడా ప్రతి ఫైలునీ ఒక పెద్ద సంఖ్య అనుకుని, ఒక ప్రత్యేక పద్ధతిలో భాగించి, శేషాన్ని రాసిపెట్టుకుంటుంది. దీన్ని సీఆర్‌సీ అంటారు. విప్పాక మళ్లీ లెక్కవేసి, శేషం కలవకపోతే "సీఆర్‌సీ తప్పు" అంటుంది. తాతగారి లెక్కకి ఒక లోపం ఉంది. 10902 బదులు 10920 అని రాసినా పట్టుకోలేదు. సీఆర్‌సీని మోసగించడం కష్టం. ఇష్టమొచ్చినట్టు చెడిన ఫైలు దాని కన్నుగప్పే అవకాశం సుమారు 429 కోట్లలో ఒక్కటి. కాని, అది చెడిందని చెప్పగలదే తప్ప ఎక్కడ చెడిందో చెప్పలేదు, బాగుచేయలేదు.

మీరే చూడాలనుంటే, ఇంట్లో ఏదైనా వర్డ్ ఫైలుకి నకలు తీసి, పేరు చివరనున్న డాక్స్ అనే తోక చెరిపి జిప్ అని పెట్టండి. విప్పి చూస్తే లోపల అరలు అరలుగా ఫైళ్లుంటాయి. అవును, వర్డ్ ఫైలు కూడా జిప్ మూటే! ఫోనులో వేసుకునే ఏపీకే ఫైళ్లూ అంతే.

మా మూటలోంచి 37 పాటలు చెక్కుచెదరకుండా దిగాయి. సీఆర్‌సీలు అన్నీ కలిశాయి. 39, 40, 41 లేవు, అవి ఫోను దాటి రానేలేదు. మేనకోడలు అక్కడికక్కడే వాటిని మూడు చోట్ల దాచి, మూడు చోట్లా తెరిచి చూసింది. తర్వాత 38వ పాట పెట్టింది. నాయనమ్మ రెండు చరణాలు పాడి, దగ్గి, "కొంచెం నీళ్లియ్యి బిడ్డా" అంది. అక్కడితో ఆగిపోయింది.