రెండు సూదుల మధ్య గడువు ఎందుకు మారింది?



బి.పి. చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు: "సిస్టరమ్మా, కోవిషీల్డ్ రెండో సూదికి మొదట నాలుగు వారాలన్నారు, తర్వాత మూడు నెలలన్నారు. అలా మాట మార్చారంటే అది పనిచేసేదేనా?" ఈ అనుమానంతోనే కొందరు మనవల టీకాలు కూడా వాయిదా వేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి డోసుతో శరీరం ఆ వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆ గుర్తు బాగా నాటుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. నాటుకున్నాక రెండో డోసు పడితే యాంటీబాడీలు ఎక్కువగా తయారవుతాయి. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ టీకా పరీక్షల్లో, ఆరు వారాలలోపు రెండో డోసు తీసుకున్నవారికి రక్షణ 55 శాతం, పన్నెండు వారాలు ఆగినవారికి 81 శాతం వచ్చింది. మన కోవిషీల్డ్ ఆ టీకాయే. ఆ ఏడాది జనవరిలో 4-6 వారాలున్న గడువు మార్చిలో 6-8, మే 13న 12-16 వారాలయింది. కోవాగ్జిన్ చంపిన వైరస్‌తో చేసే వేరే రకం టీకా, దాని గడువు నాలుగు వారాలే ఉంచారు.

ఆగడంలో నష్టమూ ఉంది. ఆ మూడు నెలలూ ఒక్క డోసుతోనే నెట్టుకురావాలి. సరిగ్గా అప్పుడే డెల్టా వచ్చిపడింది. దాని మీద ఈ టీకా ఒక్క డోసు రక్షణ 30 శాతమే, రెండు డోసులది 67 శాతమని బ్రిటన్ లెక్కలు తర్వాత చూపించాయి. మనం గడువు పెంచిన మర్నాడే బ్రిటన్, డెల్టా భయంతో, యాభై దాటినవారికి పన్నెండు వారాలను ఎనిమిదికి తగ్గించింది! టీకా కొరత వల్లే మనవాళ్లు పెంచారని అప్పట్లో అనుకున్నారు. కొరత నిజమే, పైన చెప్పిన పరీక్షలూ నిజమే. నా మట్టుకు నాకు, పెద్ద వయసువారికైనా ఎనిమిది వారాలకే వేసి ఉండాల్సిందనిపిస్తుంది.

"రెండూ వేయించుకున్నా జ్వరం వచ్చింది గదా" అని మరికొందరు అంటారు. యాంటీబాడీలు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి, పైగా వైరస్ ఒమిక్రాన్‌గా మారింది. కనుక ముక్కు, గొంతుల్లో పట్టుకుంటుంది. గుర్తు పెట్టుకున్న కణాలు మాత్రం ఎక్కువ కాలం నిలిచి, జబ్బు ఊపిరితిత్తుల దాకా ముదరకుండా చాలామందిని కాపాడాయి. తగ్గినవాటిని మళ్లీ పెంచడానికే 2022 జనవరి 10 నుండి ప్రికాషన్ డోసు వేశారు.

మీ పిల్లల టీకా కార్డులోనూ ఇదే లెక్క. కోరింత దగ్గు పసిబిడ్డలకే ఎక్కువ ప్రమాదం గనుక ఎక్కువ కాలం ఆగకుండా 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ వేసి, 16-24 నెలలకు డి.పి.టి. బూస్టరు వేస్తాం. తేదీ దాటిందని మళ్లీ మొదటినుండి వేయనక్కర్లేదు. కార్డు పట్టుకుని బిడ్డను తీసుకురండి, మిగిలినవి చూసి వేస్తాం.

- నర్సింగ్ సూపరింటెండెంట్