మీకు తెలుసా? జంధ్యంతో కన్నం కొలిచిన దొంగ

శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ పది అంకాల ప్రకరణం. అందరికీ వసంతసేన, చారుదత్తుల ప్రేమకథే గుర్తుంటుంది. నా ఓటు మాత్రం మూడో అంకంలో, అర్ధరాత్రి ఉజ్జయినిలో చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే శర్విలకుడికే.

• ఇతగాడు చతుర్వేదాలు చదివిన బ్రాహ్మణుడి కొడుకు. ముందు గోడ పరీక్ష చేస్తాడు. రోజూ సూర్యుడికి వదిలే నీళ్లతో నాని గుల్లబారిన చోటు, పక్కనే ఎలుకలు తోడిన మట్టి కనిపిస్తే పని సగం అయినట్టే. ఇల్లు కొనేవాళ్లయినా గోడను ఇంత శ్రద్ధగా చూడరు.

• కాల్చిన ఇటుకల్ని లాగాలి, పచ్చివాటిని కోయాలి, మట్టిగోడను తడపాలి, చెక్కనైతే చీల్చాలి. ఆపైన కన్నం ఏ ఆకారంలో ఉండాలన్నది అసలు చర్చ! విచ్చిన తామరా, సూర్యబింబమా, నెలవంకా, స్వస్తికమా? కాల్చిన ఇటుకకు పూర్ణకుంభమే అందమని తేలుస్తాడు. తెల్లారాక ఇరుగుపొరుగు చూసి మెచ్చుకోవాలి కదా మరి. మాటకు ముందు శాస్త్రం వల్లించే పండితుల మీద ఇంతకంటే చక్కని వెక్కిరింపు నేను చదవలేదు.

• తీరా కొలతాడు తేవడం మరిచాడు. జంధ్యం ఉందిగా! కొలవడానికీ, నగల కొక్కేలు ఊడదీయడానికీ, గడియ తీయడానికీ, పాము కరిస్తే కట్టు కట్టడానికీ పనికొస్తుందని దాన్ని తెగ పొగుడుతాడు. కాసేపటికే పాము వేలు కొరకనే కొరుకుతుంది.

• లోపల మృదంగం, వీణలు, పుస్తకాలు తప్ప ఏమీ లేవు. పాతర ఉందేమోనని గింజలు చల్లాడు, అవి ఉబ్బలేదు. వట్టి చేతులతో పోబోతుంటే విదూషకుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ, పాతగుడ్డ చుట్టిన నగలపెట్టెను ఒట్టుపెట్టి మరీ చేతికిచ్చాడు.

• ఆ నగలు వసంతసేన దాచమని ఇచ్చినవి. శర్విలకుడి దొంగతనమేమో ఆమె దాసి మదనికను విడిపించుకోవడానికి. సొమ్ము పట్టుకుని అతను నేరుగా వెళ్లింది నగల సొంతదారు ఇంటికే!

• భాసుడిదని చెప్పే ‘చారుదత్తం’లోనూ ఈ దొంగ ఉన్నాడు, సజ్జలకుడన్న పేరుతో. 1984 నాటి హిందీ చిత్రం ‘ఉత్సవ్’లో ఆ వేషం శంకర్ నాగ్‌ది.

• లేచి చూసిన చారుదత్తుడు మొదట అన్నమాట, కన్నం ఎంత బాగుందో అని. తర్వాత దిగులు: పాపం, ఇంత కష్టపడి ఉత్త చేతులతో పోయి ఉంటాడే, తోటివాళ్లకు ఏమని చెప్పుకుంటాడు? పెట్టె పోయిందని తెలిశాక సంతోషించాడు. అది పరాయి సొమ్మని గుర్తొచ్చాకే మూర్ఛపోయాడు.