మగ్గము కన్న మోటారు

చేతిమగ్గము మీద పోగు తెగినయెడల నేతగాని కన్ను దానిని వెంటనే పట్టుకొనును. చేయి ఆగును, పోగు ముడిపడును, పిమ్మట నాడె మరల కదలును. మరమగ్గమునకు కన్ను లేదు. ఆవిరియో విద్యుత్తో నడుపుచున్నంతసేపు అది నేయుచునే యుండును. పోగు తెగినను నేయును. కండెలో నూలు అయిపోయినను ఆడుచునే యుండును. అట్లు వచ్చిన బట్ట గజములకొలది పాడై అమ్మకమునకు పనికిరాకపోవును. అందుచేత తొలినాటి మిల్లులలో రెండు మూడు మగ్గములకొక మనిషిని కాపు పెట్టవలసి వచ్చెడిది. మనిషి శ్రమను తగ్గించుటకు వచ్చిన యంత్రము మనిషినే తనకు కావలివానిగా చేసికొన్నది.

టొయోటా కారు ఏండ్ల తరబడి చెడకుండ నడచునని ప్రపంచమంతట పేరు కలదు. ఆ మన్నికకు కారణమును ఇంజనులో వెదకువారు కొందరు, జపానీయుల క్రమశిక్షణలో వెదకువారు కొందరు. ఆ సంస్థ చరిత్రను మొదటినుండి చదివినవారికి మాత్రము ఆ కారణము తెగిన నూలుపోగు దగ్గర కనబడును.

సకిచి టొయోడా 1867లో, నేడు షిజువోకా రాష్ట్రమందు కొసాయి నగరములో చేరియున్న యొక చిన్న పల్లెలో, వడ్రంగి ఇంట జన్మించెను. పెద్ద చదువులు చదువలేదు. తండ్రి వద్ద కొయ్యపని నేర్చెను. ఆ ప్రాంతమున ఇంటింట స్త్రీలు మగ్గము నేయుచుండిరి. వారి శ్రమను తగ్గింపవలెనను పట్టుదల అతనిని జీవితాంతము విడువలేదు. 1891లో కొయ్యమగ్గమునకు మొదటి పేటెంటు పొందెను. 1896లో మరమగ్గమును నిర్మించెను. అందులో నొక చిన్న ఏర్పాటు కలదు: పేకపోగు తెగినను, నాడెలో నూలు అయిపోయినను మగ్గము తనంతట తానే ఆగిపోవును. 1924 నాటి 'జి' రకపు మగ్గములో ఈ నేర్పు పరాకాష్ఠ నందుకొనెను. పడుగులో ఒక్క పోగు తెగినను అది నిలిచిపోవును. నాడె ఖాళీ కావచ్చినప్పుడు మాత్రము, వేగము తగ్గకుండగనే, నిండు నాడె దాని చోటికి వచ్చి చేరును. ఒక్క పనివాడు 30 మగ్గములను చూచుకొనగలిగెను.

తనంతట తాను కదలుటకును, తప్పు తెలిసికొని తనంతట తాను ఆగుటకును గల భేదమును టొయోటావారు వ్రాతలోనే చూపినారు. స్వయంచలనమును తెలుపు జపాను మాటలో 'చలనము' అను అక్షరమునకు మనిషిని సూచించు గుర్తును చేర్చి, పలుకుబడి మార్చకయే, క్రొత్త మాటను కల్పించుకొనిరి. మనిషి వివేకము గల యంత్రమని దాని భావము.

1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హామునకు చెందిన ప్లాటు బ్రదర్సు సంస్థ ఈ మగ్గపు హక్కులకై ఒప్పందము చేసికొనెను. ఒప్పుకొన్న మొత్తము లక్ష పౌనులు. లాంకషైరు బట్ట మన నేతగాండ్ర నోటికాడి కూడు తీసిన కథ ఎఱుగని తెలుగువాడుండడు. ఆ లాంకషైరునకు మగ్గములు చేసియిచ్చిన కంపెనీయే ఒక జపాను పల్లెటూరి వడ్రంగి కొడుకువద్ద విద్య కొనుక్కొనెను. మరుసటి సంవత్సరమే సకిచి కన్నుమూసెను.

ఆ బేరమునకు పోయినవాడు సకిచి కుమారుడు కీచిరో. టోకియో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివినవాడు. అప్పటికి జపాను వీథులలో తిరుగు కార్లలో హెచ్చుభాగము ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలవారు అమెరికా నుండి విడిభాగములు తెప్పించి జపానులో బిగించినవే. 1933లో కీచిరో మగ్గముల కర్మాగారములోనే మోటారు విభాగము నొకదానిని తెఱచి, ఒక షెవర్లే కారును కొని, మరమరగా విప్పి పరిశీలింపజేసెను. విప్పుట సులభమే, చేయుట కష్టమైనది. ఇంజను దిమ్మెను పోతపోయబోగా వందలకొలది పోతలు పగిలియో బుడగలు పట్టియో పాడైపోయెను. నూలు యంత్రములకు పోతపోయుటలో చేయి తిరిగినవారికే ఈ గతి పట్టినది.

1935 నవంబరులో 'జి-1' అను లారీని టోకియోలో ప్రదర్శించిరి. నేటి కీర్తిని మాత్రమే ఎఱిగినవారు నమ్మజాలరు గాని, ఆ తొలి లారీలు తఱచు దారిలోనే నిలిచిపోయెడివి. అమ్మకముల బాధ్యత వహించిన షొటారో కామియా, కొన్నవారిని నట్టేట విడువకుండ, చెడిన చోటికే మనుష్యులను పంపి బాగుచేయించెడివాడు. విరిగిన భాగము కర్మాగారమునకు తిరిగి వచ్చెడిది. దానిని చూచి రూపమును మార్చెడివారు. తెగిన పోగు బుద్ధి చెప్పినట్లే విరిగిన ఇరుసు కూడ బుద్ధి చెప్పెను.

ఇంటిపేరు టొయోడా కాగా కారు పేరు టొయోటా యెట్లయ్యెను? 1936లో పోటీ పెట్టి ప్రజలనుండి పేర్లు కోరిరి. సుమారు 27,000 ప్రతిపాదనలు వచ్చెను. 'టొయోటా' అని వ్రాయుటకు ఎనిమిది గీతలు చాలును. ఎనిమిది వారికి శుభసంఖ్య. అక్షరములు లెక్కించి పేరు దిద్దుకొనుట మన దేశమునకే పరిమితమని యెవరైన తలచిన ఇక మానుకోవచ్చును. 1937 ఆగస్టులో ఈ పేరుతో కంపెనీ ఏర్పడెను. 1938లో కొరొమో పట్టణమున కర్మాగారము వెలసెను. 1959లో ఆ పట్టణమే 'టొయోటా నగరము'గా పేరు మార్చుకొనెను.

యుద్ధము ముగిసిన పిదప వచ్చిన కష్టము తక్కువది కాదు. 1949లో ద్రవ్యోల్బణమును అణచుటకు విధించిన కఠిన పొదుపు విధానము వలన కార్లు కొనువారు లేకపోయిరి. కొన్నవారు బాకీ తీర్చకపోయిరి. జీతములకు సొమ్ము లేదు. బ్యాంకులు అప్పిచ్చుటకు, మనుష్యులను తగ్గింపవలెనని షరతు పెట్టెను. ఎవ్వరిని తీసివేయనని మాట ఇచ్చిన కీచిరో ఆ మాట నిలుపుకొనలేకపోయెను. 1950 వేసవి సమ్మెలలో గడచెను. సుమారు 2,000 మంది పని విడిచిపోయిరి. జూనులో కీచిరో కూడ అధ్యక్షపదవి వదలుకొనెను. ఆ నెలాఖరుననే కొరియా యుద్ధము మొదలై, అమెరికా సైన్యము వేలకొలది లారీలకు ఆర్డరు ఇచ్చెను. కంపెనీ బ్రతికెను. కొన్ని వారములు ముందు వచ్చియుండిన ఆ ఆర్డరు, నమ్మినవారిని పంపివేయు అవమానమునుండి కీచిరోను కాపాడియుండెడిదేమో! మరల అధ్యక్షుడు కానుండగా 1952 మార్చిలో, 57వ ఏట, అతడు మరణించెను.

డబ్బు లేదు, గిడ్డంగులు నింపు సరకు లేదు. ఈ లేమి నుండియే టొయోటా పద్ధతి పుట్టెను. దానిని రూపొందించిన తయిచీ ఓనో మొదట టొయోడా వారి నూలుమిల్లులో పనిచేసి 1943లో మోటారు కర్మాగారమునకు వచ్చినవాడు. మగ్గమునుండి నేర్చిన పాఠమును అతడు కార్ల వరుసలో ప్రవేశపెట్టెను. వరుసలో నిలిచిన ప్రతి కార్మికునకు అందుబాటులో ఒక త్రాడు వ్రేలాడును. తప్పు కనబడగానే లాగవలెను, దీపము వెలుగును, మేస్త్రీ పరుగున వచ్చును, తప్పు తీరనియెడల వరుస మొత్తము ఆగును. ఆనాటి మోటారు కర్మాగారములలో వరుసను ఆపుట మహాపరాధము. పాడైన కారును చివరకు పోనిచ్చి అక్కడ బాగుచేయుట ఆచారము. ఓనో దీనిని తలక్రిందులు చేసెను. ఒక్కొక్క విభాగము తనకు కావలసినప్పుడు కావలసినన్ని భాగములనే వెనుకటి విభాగము నుండి చీటీ పంపి తెచ్చుకొనవలెననియు నియమించెను. నిలువ సరకు లేనందున, పాడు భాగమొకటి వచ్చిన దానిని దాచుటకు చోటు లేదు.

కారణమును త్రవ్వుటకు అతడు 'ఏల' అని అయిదు మారులు అడుగుమనెడివాడు. అతడు చెప్పిన ఉదాహరణము తరగతిలో చెప్పదగినది. యంత్రము ఆగెను. ఏల? బరువెక్కి ఫ్యూజు పోయినది. బరువేల యెక్కినది? బేరింగునకు కందెన చాలలేదు. ఏల చాలలేదు? పంపు సరిగా తోడుటలేదు. ఏల తోడుటలేదు? దాని ఇరుసు అరిగినది. ఏల అరిగినది? జల్లెడ లేనందున ఇనుప రజను లోపలికి పోయినది. మొదటి ప్రశ్నతో నిలిచినవాడు ఫ్యూజు మార్చి ఇంటికి పోవును; కొన్నాళ్లకు అది మరల పోవును.

ఈ పద్ధతికి రెండవ ముఖము కూడ కలదు. సతోషీ కమతా అను పాత్రికేయుడు 1972లో ఆ కర్మాగారమున తాత్కాలిక కార్మికుడుగా చేరి, మనిషిని పీల్చివేయు ఆ వరుస వేగమును గూర్చి మరుసటి సంవత్సరము పుస్తకము ప్రకటించెను. కారు మన్నికను పొగడువారు దానిని బిగించిన చేతుల అలసటను మఱచుట న్యాయము కాదు.

నాణ్యము ఒక్కనాట రాలేదు. 1957లో 'క్రౌను' కారును అమెరికాకు తీసికొనిపోయిరి. జపాను గతుకుల బాటలపై టాక్సీగా గట్టిదని పేరుపొందిన ఆ బండి, కాలిఫోర్నియా రహదారుల వేగమునకు తాళలేక వడవడ వణకెను. 1960లో దాని ఎగుమతిని నిలిపివేసిరి. చేదు మింగి స్వదేశమునకు మరలి, 1965లో శక్తి హెచ్చిన 'కరోనా'తో తిరిగి వెళ్లిరి. ఆ సంవత్సరమే టొయోటాకు నాణ్యతకై ఇచ్చు డెమింగు బహుమానము లభించెను. 1966లో 'కరోలా' వచ్చెను. 2021 నాటికి ఆ పేరుతో 5 కోట్ల కార్లు అమ్ముడుపోయెను.

మన్నిక జపానీయుల రక్తములోనే యున్నదను వాదమునకు సమాధానము అమెరికాలోనే దొరకెను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు నగరమున జనరల్ మోటార్సువారి కర్మాగారమొకటి యుండెను. సమ్మెలకు, గైరుహాజరులకు, పాడు కార్లకు పేరుమోసి 1982లో మూతపడెను. 1984లో టొయోటా, జనరల్ మోటార్సు కలిసి దానిని తెఱచిరి. చేరినవారిలో హెచ్చుమంది పాత కార్మికులే. కార్మికసంఘము కూడ పాతదే. వారిలో కొందరిని జపానునకు పంపి చూపించిరి. చేతికి త్రాడు ఇచ్చిరి. వెనుక తప్పును చూచియు నోరు మెదపరాని మనిషి ఇప్పుడు వరుసను ఆపవచ్చును. కొలది కాలములోనే అక్కడి కార్లు జపాను కార్లకు సాటి వచ్చెను.

కారు నిర్మాణములోను వారిది తొందరపడని స్వభావము. పరీక్షకు నిలిచిన ఇంజనును ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా సవరించుచు పోవుదురు. తెగించి చేసిన మార్పు 1997 డిసెంబరున వచ్చిన 'ప్రియసు'. పెట్రోలుతోను విద్యుత్తుతోను నడచు ఆ కారులో మామూలు క్లచ్చి లేదు. ఒక పండ్లచక్రముల కూర్పే రెండు శక్తులను కలుపును. అరుగు భాగములు తగ్గుటచేత పలుదేశముల టాక్సీవారు దానిని ఏరి కొనిరి. మన దేశమున 1997లో కిర్లోస్కరువారితో కలిసి బెంగుళూరు చెంత బిడదిలో కంపెనీ స్థాపించిరి. 2000లో 'క్వాలిసు', 2005లో 'ఇన్నోవా' వెలువడెను. తిరుపతి యాత్రలకు, పెండ్లి ప్రయాణములకు అద్దెబండి కుదుర్చుకొను తెలుగువారికి ఈ రెండు పేర్లు సుపరిచితములు.

2008లో టొయోటా అమ్మకములలో ప్రపంచమునకు మొదటిదయ్యెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో శాన్ డియేగో వద్ద ఒక లెక్ససు కారు ఆగక పరుగెత్తి నలుగురు మరణించిరి. వేరొక నమూనా కారునకు చెందిన కాలిపట్ట యాక్సిలరేటరును పట్టివేసెను. మఱి కొన్ని కార్లలో పెడలే బిగుసుకొనుచున్నట్లు తేలెను. లక్షలకొలది కార్లను వెనుకకు పిలువవలసి వచ్చెను. కీచిరో మనుమడును అధ్యక్షుడును నైన అకియో టొయోడా 2010 ఫిబ్రవరి 24న అమెరికా శాసనసభా సంఘము ఎదుట నిలిచి, మనుష్యులను తీర్చిదిద్దగల వేగమును మించి కంపెనీ పెరిగినదని ఒప్పుకొనెను. ఎలక్ట్రానిక్ యంత్రాంగములో దోషము కనబడలేదని 2011లో నాసా శాస్త్రజ్ఞులు తేల్చిరి. కాని లోపముల సంగతి తెలిసియు ప్రజలకు సరిగా చెప్పలేదన్న అభియోగము వేరు. 2014లో టొయోటా దాని నంగీకరించి 120 కోట్ల డాలర్లు చెల్లించెను. యంత్రము ఆగినది గాని, త్రాడు లాగవలసిన పెద్దలు చేయి చాపలేదు.

అంతటితో ముగియలేదు. టొయోటా సొంతమైన దైహత్సు సంస్థ భద్రతాపరీక్షలలో అక్రమములు చేసినట్లు 2023లో బయటపడెను. 64 నమూనాలలో 174 అక్రమములు తేలెను. అందులో మొదటిది 1989 నాటిది. కార్ల సరఫరా అంతయు నిలిపివేసిరి. 2024 జూనులో టొయోటా సొంత నమూనాల ధ్రువీకరణలోను తప్పులు కనబడగా, అకియో పత్రికలవారి ఎదుట తలవంచి క్షమాపణ చెప్పెను. దైహత్సు వ్యవహారమును విచారించిన స్వతంత్ర సంఘము చెప్పిన ప్రధాన కారణము మితిమీరిన తొందర. క్రొత్త కారు వెలువడు తేదీ ముందే నిశ్చయమై యుండెడిది; పరీక్షలో కారు తప్పినచో ఆగి, సరిచేసి, మరల పరీక్షించుటకు ఆ గడువులో చోటు లేకుండెను.