మాట రాని బిడ్డ ఏం నేర్చిందో తెలిసేదెలా?

నాలుగు నెలల బిడ్డను ‘ఇది నీకు గుర్తుందా?’ అని అడగలేం. అందుకే పరిశోధకులు బిడ్డ చూపునూ, కాలి కదలికనూ, తల తిప్పడాన్నీ గమనిస్తారు.

చూపును లెక్కగట్టే పద్ధతికి బాట వేసినవాడు అమెరికా మనోవిజ్ఞాని రాబర్ట్ ఫాంట్జ్. 1964లో ఆయన శిశువులకు ఒకే బొమ్మను పదేపదే చూపించాడు. చూసేకొద్దీ దాని మీద చూపు నిలిచే సమయం తగ్గింది. కొత్త బొమ్మల మీద మాత్రం ఎక్కువసేపు నిలిచింది. పాతది గుర్తుంటేనే కదా కొత్తది కొత్తగా తోచేది! ఇప్పుడు కంటిపాప కదలికల్ని కెమెరాలే పట్టేస్తున్నాయి.

కాలి కదలికను కొలిచిన పరిశోధకురాలు కరొలిన్ రోవీ-కోలియర్. ఆమె పసిబిడ్డ కాలికి రిబ్బను కట్టి, రెండో కొసను ఉయ్యాల పైన వేలాడే బొమ్మలకు ముడివేసింది. తన్నితే బొమ్మలు ఊగుతాయని మూడు నెలల బిడ్డలు నిమిషాల్లో గ్రహించారు. కొన్ని రోజుల తర్వాత అవే బొమ్మలు కనబడగానే మళ్లీ జోరుగా తన్నారు.

వినికిడికి తల తిప్పడమే కొలత. ధ్వని మారినప్పుడు తల తిప్పితే పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ఇలాగే హిందీలోని ‘త’, ‘ట’ ధ్వనులు వినిపించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డల్లో ఎక్కువమంది తేడా పట్టారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు దాదాపు పోయింది. హిందీ ఇళ్ల బిడ్డల్లో మాత్రం నిలిచింది. రోజూ చెవిన పడే మాటే దాన్ని నిలిపింది.

మన దగ్గరి ఉదాహరణ నల్గొండది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అక్కడి 60 పల్లెల్లో 600 తల్లీబిడ్డల జంటలతో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒక వర్గం తల్లులకు ఏం తినిపించాలో చెప్పడమే కాక, బిడ్డ ఆకలి సూచనలు గమనిస్తూ, మాట్లాడుతూ తినిపించడం, ఆడించడం నేర్పారు. శిశువుల వికాసాన్ని కొలిచే బేలీ పరీక్షలో ఈ బిడ్డల మానసిక వికాసం మామూలు సేవలే అందిన బిడ్డలకన్నా మెరుగ్గా తేలింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురానికి, ఖర్చు లేని మార్గం చూపే ఈ ఫలితం ఎంతో విలువైనది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) తొలివిడతలోనే ఈ జిల్లాలోని కంబదూరుకు చోటు దక్కింది. బిడ్డను తూకం వేసే అలవాటు ఇక్కడి అంగన్‌వాడీల్లో స్థిరపడింది. దానితోపాటు బిడ్డ కొత్త వస్తువు వైపు చూస్తోందా, పిలిస్తే తల తిప్పుతోందా అన్నది కూడా గమనించాలి. ఒక్కసారి చూడలేదని కంగారు పడొద్దు. ఆకలేసినా నిద్రొచ్చినా చూపు నిలవదు. పదేపదే తేడా కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా రాగిజావ తినిపిస్తూ బిడ్డ ముఖం చూసి కబుర్లు చెప్పడానికి పైసా ఖర్చు లేదు. అది మెదడుకు అందే మేత అని ప్రతి ఇంటికీ చెప్పాలి, తండ్రులకు కూడా.